తలకు కోటి డాలర్లు పెట్టినవాళ్లే ఇంటికి పిలిచారు: ముస్లిం దేశాలతో అమెరికా లెక్క మారిందా?

గ్రూప్స్_గీత
నిజంగా అర్థం కాక అడుగుతున్నాను. 2025 నవంబర్ 10న సిరియా అధ్యక్షుడు అహ్మద్ అల్ షరా వైట్‌హౌస్‌కి వెళ్లాడు. ఈయన ఒకప్పుడు ఇరాక్‌లో అల్ ఖైదా తరఫున పోరాడి, అక్కడే అమెరికా వాళ్ల జైల్లో ఏళ్లతరబడి ఉన్న మనిషి. 2017లో ఈయన తలకు అమెరికాయే కోటి డాలర్లు ప్రకటించింది. 2024 డిసెంబర్‌లో డమాస్కస్ ఈయన చేతికొచ్చాక ఆ బహుమతి ఎత్తేశారు. ఏడాది తిరక్కుండా ట్రంప్ పక్కన ఫొటో.

మా కోచింగ్ నోట్స్‌లో "ముస్లిం ప్రపంచం పట్ల అమెరికా విధానం, నాలుగు దశలు" అని గళ్లు గీసి ఇచ్చారు. ప్రచ్ఛన్న యుద్ధం, 2001 తర్వాత ఉగ్రవాదంపై పోరు, ఒబామా స్నేహహస్తం, ట్రంప్ వ్యాపారం. బట్టీ కొట్టడానికి బాగానే ఉంది. ఆలోచిస్తే మాత్రం ఏ గడిలోనూ ఏదీ కుదురుగా కూర్చోవట్లేదు. 2001 సెప్టెంబర్ 11న విమానాలు హైజాక్ చేసిన 19 మందిలో 15 మంది సౌదీవాళ్లు. యుద్ధం జరిగింది అఫ్గానిస్తాన్ మీద, తర్వాత ఇరాక్ మీద. మరి సౌదీని ఏ గడిలో పెట్టాలి? స్నేహహస్తం గడిలో, 2011లో అదే ఒబామా లిబియా మీద వేయించిన బాంబులు ఎక్కడ రాయాలి?

మార్కుల కోసం కాదు, ఇది తేల్చుకోకుండా తర్వాతి పేజీ తిప్పలేకపోతున్నా. విధానం నిజంగా మారుతోందా, మాటలే మారుతున్నాయా?

విశాఖ_తీరం
మారేది అవసరం. ఏ దేశమైనా అంతే, మనమూ అంతే. 1990 ఆగస్టులో సద్దాం కువైట్‌ని మింగేసినప్పుడు మన విదేశాంగ మంత్రి గుజ్రాల్ బాగ్దాద్ వెళ్లి ఆయన్ని కౌగిలించుకున్నారు. అక్కడ ఇరుక్కున్న మనవాళ్లని బయటికి తేవాలి మరి. ఆరు నెలలు తిరిగేసరికి ఆ ఇరాక్ మీదికే యుద్ధానికి వెళ్తున్న అమెరికా విమానాలకు మన ఎయిర్‌పోర్టుల్లో ఇంధనం పోయడానికి చంద్రశేఖర్ ప్రభుత్వం ఒప్పుకుంది. దీనికి నాలుగు గళ్లు ఎందుకు, ఒక్క లైన్ చాలు.

రిటైర్డ్_మాస్టారు
తీరం, ఒక్క లైన్ చాలదు నాయనా. అవసరం అన్నావు, ఎవరి అవసరం అన్నది చూడాలి.

గీతమ్మా, నువ్వు 1945 నుంచి మొదలుపెట్టు. ఆ ఏడాది ఫిబ్రవరి 14న సూయజ్ కాలువలోని గ్రేట్ బిట్టర్ లేక్‌లో, క్విన్సీ అనే అమెరికా యుద్ధనౌక మీద అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్ట్, సౌదీ రాజు అబ్దుల్ అజీజ్ కలుసుకున్నారు. రాజుగారు వచ్చిన ఓడ మీద గుడారం వేశారు, కోసుకు తినడానికి గొర్రెల్ని కూడా ఎక్కించారు. రాజుకి కాళ్లు సరిగా సాగవు. రూజ్వెల్ట్ తన చక్రాల కుర్చీల్లో ఒకటి ఆయనకి ఇచ్చేశాడు. క్లాసులో ఈ ముక్క చెప్పినప్పుడు వెనక బెంచీ వాళ్లు కూడా తలెత్తి వినేవాళ్లు. పాలస్తీనా విషయంలో అరబ్బులకు వ్యతిరేకంగా ఏమీ చేయనని రూజ్వెల్ట్ మాటిచ్చాడు. ఏప్రిల్ 5న అదే మాట ఉత్తరంగా రాశాడు. ఏప్రిల్ 12న పోయాడు. 1948 మే 14న ఇజ్రాయెల్ ఏర్పాటు ప్రకటించిన 11 నిమిషాలకు, రూజ్వెల్ట్ తర్వాత అధ్యక్షుడైన ట్రూమన్ గుర్తింపు ఇచ్చాడు. సొంత విదేశాంగ మంత్రి మార్షల్ వద్దని మొత్తుకున్నా వినలేదు.

అంటే రాజుకిచ్చిన మాట పోయింది కదా. మరి సౌదీతో బంధం తెగిందా? తెగలేదు. చమురు వస్తూనే ఉంది, ఆయుధాలు పోతూనే ఉన్నాయి. పాలస్తీనా జనం గురించిన మాట ఒక్కటే నీళ్లలో కలిసింది. ఈ ఎనభై ఏళ్లూ నేను చూసింది అదే తల్లీ. పాలకులతో పెట్టుకున్న లెక్క నిలబడుతుంది. జనానికిచ్చిన మాట నిలబడదు.

విశాఖ_తీరం
మాస్టారూ, 1973లో ఇజ్రాయెల్‌కి ఆయుధాలు పంపారని సౌదీయే చమురు ఆపింది. నిలబడుతుందని అంత గట్టిగా ఎలా అంటారు?

రిటైర్డ్_మాస్టారు
ఆపింది, నిజమే. 1974 మార్చికల్లా మళ్లీ తెరిచింది. ఆ తర్వాత బంధం ఇంకా బిగిసింది. ఇంట్లో గొడవ వేరు, విడాకులు వేరు.

నిడదవోలు_నాని
పాకిస్తాన్ సంగతి ఎవరూ ఎత్తరేం? అసలు ఈ మార్పు చూడాలంటే అదే చూడాలి. 1980లో కార్టర్ 40 కోట్ల డాలర్లు ఇస్తానంటే పాక్ సైనిక పాలకుడు జియా "వేరుశెనగ గింజలు" అని తోసేశాడు. రీగన్ వచ్చి 320 కోట్లు ఇచ్చాడు. సోవియట్ సైన్యం అఫ్గానిస్తాన్ నుంచి వెళ్లిపోయింది 1989లో. 1990లో అణుబాంబు పేరు చెప్పి సాయం కట్. ఎఫ్-16 విమానాలకు డబ్బు తీసుకుని కూడా ఇవ్వలేదు. ఆ బాంబు పని 1985లో తెలియదా వీళ్లకి? తెలుసు. అప్పుడు అవసరం ఉంది, కళ్లు మూసుకున్నారు. 1998లో ఆంక్షలు, 2001లో ఎత్తివేత, 2004లో నాటో బయటి ముఖ్య మిత్రదేశం హోదా, 2011లో అబ్బోటాబాద్‌లో లాడెన్ దొరికాడు, 2018లో ట్రంప్ "అబద్ధాలు, మోసం తప్ప ఏమీ ఇవ్వలేదు" అని సాయం ఆపాడు. 2025 జూన్‌లో అదే ట్రంప్ వైట్‌హౌస్‌లో పాక్ సైన్యాధిపతి అసిమ్ మునీర్‌కి భోజనం పెట్టాడు.

మనం ప్రతిసారీ టెన్షన్ పడటం, ప్రతిసారీ "ఈసారి అమెరికా మనవైపు" అనుకోవడం. మా ఊళ్లో టీ కొట్టు దగ్గర కూడా ఇదే గొడవ.

డెవాన్_అవెన్యూ
నాని భాయ్, నీ లిస్టు కరెక్టే. ఒక్క సంగతి గమనించావా? జియా, ముషారఫ్, మునీర్. అమెరికా గట్టిగా చేయి కలిపిన ప్రతిసారీ అవతలి మనిషి ఒంటి మీద యూనిఫాం. పాకిస్తాన్‌లో ఓటేసే మామూలు మనిషి ఆ లెక్కలో ఎక్కడా లేడు.

ఇంకొకటి. "ముస్లిం ప్రపంచం" అనే మాటే నాకు ఇబ్బంది. మాది మలక్‌పేట. చికాగోలో 24 ఏళ్లుగా ఉన్నా. ఇండోనేషియావాడికి, సెనెగల్‌వాడికి, నాకు కామన్‌గా ఉన్నది నమాజు. రాజకీయం కాదు. వాషింగ్టన్‌వాళ్లు మమ్మల్నందర్నీ ఒకే సంచిలో వేసి, ఆ సంచికి ఒక విధానం రాస్తారు. సంచి లోపల ఎవరున్నారో చూడరు.

గ్రూప్స్_గీత
డెవాన్ గారూ, అది కొంచెం వివరంగా చెప్తారా? అక్కడ ఉన్నవాళ్ల మీద విదేశాంగ విధానం ఎలా పడుతుంది? నా నోట్స్‌లో అదంతా "దేశీయ అంశాలు" అని వేరే చాప్టర్‌లో ఉంది.

డెవాన్_అవెన్యూ
వేరే చాప్టర్ కాదు చెల్లీ, ఒకటే.

2002 చివర్లో స్పెషల్ రిజిస్ట్రేషన్ అని పెట్టారు. 25 దేశాల మగవాళ్లు, 16 ఏళ్లు దాటినవాళ్లు, ఇమ్మిగ్రేషన్ ఆఫీసుకి వెళ్లి వేలిముద్రలు, ఫొటో, ఇంటర్వ్యూ ఇవ్వాలి. ఆ 25లో ఉత్తర కొరియా తప్ప మిగతావి దాదాపు అన్నీ ముస్లింలు ఎక్కువున్న దేశాలే. ఇండియా లేదు. నా రూమ్మేట్ కరాచీవాడు. ఇద్దరం ఒకే మసీదుకి వెళ్తాం, ఒకే గిన్నెలో తింటాం, ఒకే గ్యాస్ స్టేషన్‌లో షిఫ్టులు చేస్తాం. వాడు వెళ్లాలి, నేను వెళ్లనక్కర్లేదు. జనవరి చలిలో తెల్లారుజామున వాడికి తోడుగా లైన్లో నిలబడ్డా. థర్మాస్‌లో చాయ్ పట్టుకెళ్లా. లోపలికి వెళ్లినవాడు సాయంత్రం దాకా బయటికి రాలేదు. నేను కాళ్లు తిమ్మిరెక్కి అదే ఫుట్‌పాత్ మీద. వాడి వీసా కాగితంలో ఏదో తేదీ తేడా. నాలుగు నెలల తర్వాత పంపించేశారు.

ఆ కార్యక్రమంలో 80 వేల మందికి పైగా పేర్లు నమోదు చేసుకున్నారు, 13 వేల మందికి పైగా దేశం నుంచి పంపే కేసులు పెట్టారు. ఉగ్రవాదం కేసులో శిక్ష పడింది ఒక్కరికీ లేదు. ఇక్కడ చికాగో డెవాన్ వీధిలో షట్టర్లు దించేసి కెనడా పోయిన కుటుంబాలు నా కళ్ల ముందే ఉన్నాయి.

అదే సమయంలో టీవీలో బుష్ "ఇస్లాం అంటే శాంతి" అంటున్నాడు. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడని ఇప్పటికీ నమ్ముతా. 2001 సెప్టెంబర్ 17న, దాడులు జరిగి వారం తిరక్కుండానే వాషింగ్టన్ ఇస్లామిక్ సెంటర్‌కి వెళ్లి మరీ అన్నాడు. అది లేకపోతే మా పరిస్థితి ఇంకా ఘోరంగా ఉండేది. మాటకి కూడా విలువ ఉంటుంది. కానీ లైన్లో నిలబడ్డవాడికి మాట చలి ఆపదు కదా.

కాన్సాస్_పద్మ
డెవాన్ గారూ, మాది ఇంకో వైపు కథ. మీది చదివాక రాయాలనిపించింది.

2017 జనవరి 27న ట్రంప్ ఏడు దేశాల మీద ప్రయాణ నిషేధం పెట్టాడు. ఇరాన్, ఇరాక్, లిబియా, సొమాలియా, సూడాన్, సిరియా, యెమెన్. అప్పుడు మా తెలుగువాళ్ల గ్రూపుల్లో చాలామంది "మనకేంటి, మన పేరు లిస్టులో లేదు" అన్నారు. నేనూ అన్నాను. ఫిబ్రవరి 22న మా ఇంటికి 20 నిమిషాల దూరంలో, ఓలేత్‌లో ఒక బార్‌లో ఇద్దరు తెలుగు ఇంజనీర్ల మీద ఒకడు "నా దేశం నుంచి పొండి" అని కాల్పులు జరిపాడు. ఒకరు చనిపోయారు. తర్వాత వేరే ఊళ్లో ఆ హంతకుడు చెప్పింది ఏమిటంటే, నేను ఇద్దరు ఇరానియన్లని కాల్చాను అని.

ఇరానియన్లు. మన పిల్లలు అతనికి అలా కనిపించారు. సంచి అన్నారు చూడండి మీరు, తుపాకీ పట్టినవాడికి ఆ సంచి ఇంకా పెద్దది. అందులో మనమూ ఉన్నాం.

ఆ వారం ఇండియా నుంచి, ఇక్కడి నుంచి ఒకటే మెసేజీలు: బయట తెలుగులో మాట్లాడకండి, ఇంగ్లిష్‌లోనే మాట్లాడండి. మా అమ్మాయికి అప్పుడు ఆరేళ్లు. వాల్‌మార్ట్‌లో "అమ్మా, ఆకలేస్తోంది" అంటే ష్ అని నోరు మూశాను. ఇప్పటికీ ఆ ష్ గుర్తొస్తే నిద్ర పట్టదు.

అడ్డుపడి బుల్లెట్ దెబ్బ తిన్న అమెరికన్ కుర్రాడూ కాన్సాస్ వాడే. ముక్కూ మొహం తెలియని మనవాళ్ల కోసం లేచాడు. హ్యూస్టన్‌లోని భారతీయులు అతను ఇల్లు కొనుక్కోవడానికి లక్ష డాలర్లు పోగుచేసి ఇచ్చారు. అది కూడా చెప్పకపోతే నాకు తృప్తి లేదు.

నిడదవోలు_నాని
పద్మక్కా, చదివి చాలాసేపు ఏం రాయాలో తోచలేదు.

బార్కస్_బిడ్డ
అక్కా, పాపకి ఇప్పుడు తెలుగు వచ్చా?

కాన్సాస్_పద్మ
వచ్చు తమ్ముడూ. గట్టిగానే మాట్లాడుతుంది. నేనే ష్ అనడం మానేశాను.

విశాఖ_తీరం
పద్మ గారి బాధ ముందు నా మాట చిన్నదే. అయినా ఒక వాదన పెడతా, కోప్పడకండి. 2025 మే నెలలో ట్రంప్ రియాద్‌లో చేసిన ప్రసంగం వినండి. దేశాలు కట్టబెడతామని వచ్చినవాళ్లు కట్టినవాటికన్నా పాడుచేసినవే ఎక్కువ అన్నాడు. ఎలా బతకాలో మీకు పాఠాలు చెప్పం అన్నాడు. సిరియా మీద ఆంక్షలు ఎత్తేస్తామన్నాడు, మర్నాడే షరాని కలిశాడు. ఇది మార్పు కాదా? ప్రజాస్వామ్యం తెస్తామని ఇరాక్‌ని కూల్చిన దానికన్నా ఇది మేలు కాదా? వ్యాపారం చేసుకునేవాడు కనీసం బాంబు వేయడు.

బార్కస్_బిడ్డ
అన్నా, రియాద్ ప్రసంగం అయిన నెలన్నరకి, జూన్ 22న, ఇరాన్ అణుకేంద్రాలు ఫోర్దో, నతాంజ్, ఇస్ఫహాన్ మీద బాంబులు పడ్డాయి. వేసింది ఎవరు?

ఆ ప్రసంగానికి ముందు మార్చి నుంచి మే మొదటి వారం దాకా యెమెన్ మీద కూడా వేశారు. మా ముత్తాత యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలో చేరడానికి వచ్చాడు. హైదరాబాద్‌లో మా పేట బార్కస్ అన్న పేరే బ్యారక్స్ నుంచి వచ్చింది. యెమెన్‌తో మాకింకా పెళ్లి సంబంధాలు, ఫోన్ పలకరింపులు ఉన్నాయి. 2015 మార్చిలో సౌదీ కూటమి బాంబింగ్ మొదలుపెట్టాక సనాలో ఉన్న మా మేనత్తకి ఫోన్ చేస్తే అత్త ఏడవలేదు, ఆ రోజు వంట గ్యాస్ సిలిండర్ ఎంతో, నీళ్ల ట్యాంకర్ ఎంతో లెక్కలు చెప్పింది. రాత్రి విమానాల మోత వినిపించగానే పిల్లల్ని మెట్ల కింద పడుకోబెట్టేదంట. ఆ విమానాలకు గాల్లోనే ఇంధనం పోసింది అమెరికా. ఒబామా టైమ్‌లో మొదలైంది, ట్రంప్ మొదటి విడతలో 2018 నవంబర్ దాకా సాగింది. అదే ఏడాది ఆగస్టు 9న యెమెన్‌లోని సాదా దగ్గర పిల్లల స్కూల్ బస్సు మీద బాంబు పడి 40 మంది పిల్లలు పోయారు. ఆ బాంబు అమెరికాలో తయారైంది.

2021 ఫిబ్రవరిలో బైడెన్ ఇక దాడులకు సాయం చేయం అన్నాడు. అత్త ఆ రోజు స్వీట్ చేసిందంట. 2024 జనవరిలో అదే బైడెన్ నేరుగా యెమెన్ మీద బాంబులు వేయించాడు. అక్కడి తిరుగుబాటుదారులు హూతీలు ఓడల మీద దాడి చేశారు, కారణం ఉంది, కాదనను. కానీ అత్త లెక్కలో తేడా ఏముంది చెప్పండి? ఇదివరకు అమెరికా పెట్రోలుతో సౌదీ విమానం, తర్వాత అమెరికా విమానమే.

విశాఖ_తీరం
"బాంబు వేయడు" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. తొందరపడ్డాను. ఉపన్యాసాలు తగ్గాయన్నది మాత్రం నిజమే అంటా.

రిటైర్డ్_మాస్టారు
ఉపన్యాసాల సంగతి కూడా చూద్దాం. 2009 జూన్ 4న కైరో విశ్వవిద్యాలయంలో ఒబామా "అస్సలాము అలైకుం" అని మొదలుపెట్టాడు. కొత్త ఆరంభం అన్నాడు. ఇరాన్‌లో ఎన్నికైన ప్రభుత్వాన్ని కూల్చడంలో అమెరికా పాత్ర ఉందని ఒప్పుకున్నాడు. నేను ఆ రాత్రి టీవీ ముందు కూర్చుని మొత్తం విన్నాను, కళ్లు చెమర్చాయి. దాచుకోను.

2011లో కైరో జనం ఈజిప్టు పాలకుడు ముబారక్‌ని దించారు. ఎన్నికలు జరిగాయి, మోర్సీ గెలిచాడు. అతని పాలన బాగోలేదు, అది వేరే చర్చ. 2013 జూలై 3న సైన్యం దించేసింది. ఆగస్టు 14న కైరో రబా కూడలిలో నిరసనకు దిగిన వందల మందిని కాల్చి చంపారు. అమెరికా చట్టం ప్రకారం సైనిక తిరుగుబాటు జరిగితే సాయం ఆపాలి. అందుకని ఆ పదమే వాడలేదు వాళ్లు. సైన్యం ప్రజాస్వామ్యాన్ని పునరుద్ధరిస్తోందని విదేశాంగ మంత్రి కెర్రీ అన్నాడు. అక్టోబర్‌లో కొంత సాయం ఆపి, 2015 మార్చిలో మళ్లీ వదిలారు. ఈజిప్టు సైన్యానికి ఏటా ఇచ్చే 130 కోట్ల డాలర్ల లెక్క ముబారక్ నాటిదే. ముబారక్ పోయాడు, మోర్సీ పోయాడు, లెక్క ఉంది.

రాయచోటి_రఫీ
అందరూ ఒకే వైపు లాగుతున్నారు. మా నాన్న మాట కూడా వినండి.

1990లో నాన్న కువైట్‌లో ఒక ఇంట్లో డ్రైవర్. ఆగస్టు 2 పొద్దున లేచేసరికి వీధిలో ఇరాకీ ట్యాంకులు. దినార్లు చిత్తు కాగితాలైపోయాయి. బస్సులో బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దు, అక్కడ ఎడారిలో గుడారాల్లో రోజుల తరబడి, తర్వాత అమ్మాన్, అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా విమానంలో బొంబాయి. మన వాళ్లు 488 ట్రిప్పులేసి లక్ష మందికి పైగా జనాన్ని తెచ్చారు. నాన్న రాయచోటి బస్టాండులో దిగినప్పుడు చేతిలో ఒక్క సంచి, గడ్డం, సగానికి సగం తగ్గిన మనిషి. నేను గుర్తుపట్టలేక అమ్మ వెనక దాక్కున్నానంట. అప్పటికే గల్ఫ్ అప్పు మీద వడ్డీ నడుస్తోంది.

1991లో అమెరికా సైన్యం కువైట్‌ని విడిపించింది. 1992లో నాన్న మళ్లీ వెళ్లారు. అదే ఇల్లు, అదే సేఠ్. "అమెరికావాడు రాకపోయుంటే మన ఇంటికి స్లాబు లేదురా" అంటారు ఇప్పటికీ. మా చెల్లెళ్ల పెళ్లిళ్లు, నా డిప్లొమా అన్నీ ఆ స్లాబు కిందే. కువైట్ కూడా ముస్లిం దేశమే. అక్కడ అమెరికా అంటే కృతజ్ఞత ఉంది. అది నాటకం కాదు.

నిడదవోలు_నాని
రఫీ అన్నా, మరి 2003?

రాయచోటి_రఫీ
అప్పుడూ నాన్న కువైట్‌లోనే ఉన్నారు. సైరన్ మోగితే కిటికీలకు టేపులు అంటించుకుని లోపల కూర్చోవడం. ఇరాక్ నుంచి మిసైళ్లు వచ్చాయి. ఈసారి మాత్రం నాన్న "ఇది మన కోసం కాదురా" అన్నారు. 1991కి, 2003కి తేడా ఏమిటో ఆయనకి ఎవరూ క్లాసు చెప్పలేదు. మొదటిసారి ఇంట్లోకి దూరినవాణ్ని బయటికి నెట్టారు. రెండోసారి వీళ్లే ఇంకొకరి ఇంట్లోకి దూరారు.

డెవాన్_అవెన్యూ
రఫీ, ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు. అబ్బాజాన్‌కి నా సలాం చెప్పు.

బోస్నియా కూడా కలపాలి. 1995 జూలైలో స్రెబ్రెనిత్సాలో 8 వేల మందికి పైగా ముస్లిం మగవాళ్లని, పిల్లల్ని చంపారు. యూరప్ చూస్తూ కూర్చుంది. చివరికి నాటో విమానాలు కదిలించి, అమెరికాలోని డేటన్‌లో శాంతి ఒప్పందం మీద సంతకాలు పెట్టించింది అమెరికాయే. ఆలస్యంగా వచ్చింది, అయినా వచ్చింది. 1999లో కొసొవో. అక్కడి రాజధాని ప్రిష్టినాలో క్లింటన్ విగ్రహమే ఉంది. నాతో టాక్సీ నడిపిన బోస్నియా పెద్దాయన ఏటా జూలై 4న ఇంటి ముందు అమెరికా జెండా అందరికన్నా ముందు కట్టేవాడు.

రిటైర్డ్_మాస్టారు
ఒప్పుకుంటున్నా. 2004 సునామీ తర్వాత ఇండోనేషియాలోని ఆచేలో అమెరికా నౌకాదళం మందులు, నీళ్లు దింపింది. 2003లో ఇండోనేషియాలో 15 శాతం మందికే అమెరికా మీద మంచి అభిప్రాయం ఉండేది, 2005కి అది 38 శాతానికి పెరిగిందని ప్యూ అనే అమెరికా సంస్థ సర్వే లెక్క. మధ్యలో గొప్ప ప్రసంగాలేమీ లేవు. ఆకలితో ఉన్నవాళ్ల దగ్గరికి హెలికాప్టర్ వచ్చింది, అంతే. 2005 భూకంపం తర్వాత పాక్ ఆక్రమిత కశ్మీర్ కొండల్లోనూ అమెరికా చినూక్ హెలికాప్టర్లు అదే పని చేశాయి. అందుకే 2025 జూలైలో అమెరికా విదేశీ సాయం సంస్థ యూఎస్ఎయిడ్ తలుపులు మూసేశారని చదివినప్పుడు నాకు ఫోర్దో బాంబులకన్నా అదే ఎక్కువ గుచ్చుకుంది.

బార్కస్_బిడ్డ
మాస్టారూ, బాంబుతో పోల్చకండి దయచేసి.

రిటైర్డ్_మాస్టారు
నిజమే బాబూ. పోలిక తప్పు.

జగిత్యాల_గంగన్న
నేను పెద్దగా చదువుకోలేదు. ఈ చర్చ రెండు రోజుల సంది చదువుతున్న. ఒక ముచ్చట చెప్త.

2010 నుంచి మూడేండ్లు అఫ్గానిస్తాన్ల బగ్రాంల అమెరికా స్థావరం వంటశాలలో పని చేసిన. ఒక కాంట్రాక్టు కంపెనీ తరఫున. ఏజెంటు దుబాయ్ అని చెప్పి అక్కడికి తోలిండు, అది వేరే కథ. రోజుకి వేల మందికి వండాలె. నా పక్కన లాండ్రీలో ఒక అఫ్గాన్ పిల్లగాడు ఉండె. వాడు నాకు దరీ భాషలో లెక్కలు నేర్పిండు, నేను వాడికి హిందీ సినిమా పాటలకి అర్థాలు చెప్పిన. పండుగకి ఇంటి నుంచి ఎండు మల్బరీలు తెచ్చి నా జేబుల పోసేటోడు. మేజర్ ఒకాయన వాడితో "మీరు మా వాళ్లు, మిమ్మల్ని వదిలిపెట్టం" అని చెప్పంగ నేను పక్కనే ఉన్న, చెంచా చేతిల పట్టుకుని.

2020 ఫిబ్రవరి 29న దోహాలో తాలిబాన్‌తో ఒప్పందం రాసుకున్నరు. కాబూల్ల ఉన్న ప్రభుత్వానికి ఆ కాగితంల చోటే లేదు. కానీ ఆ ప్రభుత్వం 5 వేల మంది తాలిబాన్ ఖైదీల దాకా వదిలెయ్యాలని మాత్రం అందులనే రాసిన్రు. 2021 జూలైల బగ్రాం ఖాళీ చేసిన్రు. రాత్రికి రాత్రి పోయిన్రు, కరెంటు బంద్ చేసి. కొత్తగా బాధ్యత తీసుకోవాల్సిన అఫ్గాన్ కమాండర్‌కే చెప్పలేదు.

ఆగస్టు 15న కాబూల్ పడిపోయింది. మర్నాడు పొద్దుగాల నాకు వాట్సాప్ కాల్. ఆ పిల్లగాడే. వీసా కావాలంటే అమెరికా అధికారి ఎవరన్న ఉత్తరం రాసియ్యాలంట. "గంగా భాయ్, నీకు ఆ మేజర్ నంబర్ తెలుసా" అని అడిగిండు. నేను వంటమనిషిని. నాకు ఏడ తెలుస్తది? అయినా పాత ఫోన్లు, పాత డైరీలు అన్నీ ఎతికిన. ఆయన ఇంటిపేరు కూడా నా దగ్గర లేదు, అందరం మేజర్ సాబ్ అనేది. రెండు వారాలు రోజు కాల్ చేసిండు. విమానాశ్రయం గేటు కాడ మురికి కాలువల నిలబడి కూడా చేసిండు. చేతిల కాగితం మీద నా పేరు కూడా రాసుకున్నడంట, పని చేసినప్పుడు తెలిసిన మనిషి అని.

2025 సెప్టెంబర్ల ట్రంప్ బగ్రాం మాకు మళ్లీ కావాలె అన్నడు. వార్తల ఆ రన్‌వే చూపెట్టిన్రు. మా వంటశాల కప్పు కనిపిస్తదేమో అని చూసిన.

కాన్సాస్_పద్మ
గంగన్నా, ఆ అబ్బాయి ఇప్పుడెక్కడ ఉన్నాడు?

జగిత్యాల_గంగన్న
పాకిస్తాన్ల పెషావర్ పోయిండు చెల్లె, భార్యా పిల్లల్ని తీస్కొని. అక్కడ అఫ్గాన్లని వెళ్లగొడుతున్నరు కదా, ఎప్పుడు పంపుతరో అని భయం. వీసా ఫైలు ఇంకా నడుస్తున్నదంట. దీపావళికి మెసేజ్ పెట్టిండు, "హ్యాపీ దివాలీ గంగా భాయ్" అని. ఫైలు నంబర్ కూడా పంపిండు నాకు. ఎందుకు పంపిండో తెలుసా, వాడికేమన్న అయితే ఎవలి దగ్గరన్న ఉండాలె అని.

డెవాన్_అవెన్యూ
గంగన్నా, ఆ నంబర్ ఇక్కడ పెట్టొద్దు. నాకు విడిగా పంపు. ఇక్కడ అఫ్గాన్ కేసులు ఉచితంగా చూసే లాయర్లు ఉన్నారు, మా మసీదుకి వస్తుంటారు. సోమవారం కలుస్తా. హామీ ఇవ్వలేను, అడుగుతా.

జగిత్యాల_గంగన్న
పంపిన భాయ్. చూసుకో.

నిర్వాహకుడు
చర్చ పక్కకి పోయినా నేను ఆపట్లేదు. వ్యక్తిగత నంబర్లు, పేర్లు ఇక్కడ ఎవరూ పెట్టకండి, అంతే.

విశాఖ_తీరం
"ఒక్క లైన్ చాలు" అని మొదట్లో నేనే రాశాను. గంగన్న రాసింది చదివాక ఆ లైన్‌లో ఆ కుర్రాడు లేడని అర్థమైంది. దేశాల అవసరాలు మారడం సహజం అని ఇప్పటికీ అంటా. కానీ మేజర్ మాటిచ్చింది దేశం తరఫున. ఆ మాట మీద వాడు బతుకు పెట్టాడు.

గ్రూప్స్_గీత
నాలుగు గళ్లూ కొట్టేశాను. సమాధానం కొత్తగా రాసుకుంటున్నా. సౌదీ, ఈజిప్టు, పాకిస్తాన్ ఒక పక్క: పాలకులు మారినా, అధ్యక్షులు మారినా తిరిగి తిరిగి అదే చోటికొచ్చిన లెక్క. కువైట్ 1991, బోస్నియా, ఆచే ఇంకో పక్క: జనానికి నిజంగా మేలు జరిగినవి, అవి కూడా దాచకుండా. ఇరాన్ ఎక్కడ పెట్టాలో ఇంకా తేలలేదు మాస్టారూ.

రిటైర్డ్_మాస్టారు
ఇరాన్‌ది రెండు పక్కలా కాదు. 1951లో అక్కడి ప్రధాని మొసాదెక్ చమురును జాతీయం చేశాడు. 1953 ఆగస్టులో సీఐఏ, బ్రిటిష్ వాళ్లు కలిసి దించారు. అమెరికాలో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ హయాం. అదే ఐసెన్‌హోవర్ 1956లో ఈజిప్టు పాలకుడు నాసర్ మీద దాడికొచ్చిన బ్రిటన్, ఫ్రాన్స్, ఇజ్రాయెల్‌ని వెనక్కి పంపించాడు. మూడేళ్లలో, ఒకే మనిషి. సీఐఏ తన పాత్రను కాగితాల్లో ఒప్పుకుంది 2013లో. 2015 జూలైలో ఒబామా అణు ఒప్పందం, 2018 మేలో ట్రంప్ బయటికి రావడం, 2025 జూన్‌లో బాంబులు. సంతకం పెట్టినా పెట్టకపోయినా ఒకటే అని టెహ్రాన్‌లో చదువుకునే కుర్రాడు అనుకుంటే వాణ్ని తప్పు పట్టలేను. దానికి విడిగా ఒక పేరా ఇవ్వు.

నిడదవోలు_నాని
గీతా, రాసింది ఇక్కడ పెట్టు. పాకిస్తాన్ పేరా నేను చూస్తా. ఎఫ్-16 ముక్క వదలకు.

రాయచోటి_రఫీ
నాన్నకి చర్చంతా చదివి వినిపించా. గంగన్న దగ్గర కాసేపు ఆపమన్నారు. తర్వాత నాది ఒక తప్పు పట్టుకున్నారు. కువైట్ నుంచి బస్రా దాకా బస్సు కాదంట, లారీ. ఉల్లిగడ్డల లారీ. బస్సు బస్రాలో దొరికింది. ఇంకొకటి కూడా రాయమన్నారు. సరిహద్దు దాటి జోర్డాన్‌లోకి వచ్చాక మొదట రొట్టె, నీళ్లు ఇచ్చింది ఆ పక్క ఊరి జోర్డాన్‌వాళ్లంట, సొంత బండ్లలో తెచ్చి. వాళ్లకే కరువుగా ఉన్న రోజులు. ఒక ముసలాయన నాన్న కాళ్లకి చెప్పులు లేవని తన చెప్పులు విడిచి ఇచ్చాడంట. బొంబాయిలో దిగింది ఆ చెప్పులతోనే. "అది రాయలేదేందిరా" అని తిట్టారు.

పాత పాస్‌పోర్టు పెట్టెలో ఉంది. ఇరాక్ స్టాంపు ఇంకా కనిపిస్తోంది. పేరు, నంబర్ కప్పేసి రేపు ఫొటో పెడతా.